అర్జీ నుంచి రెజ్యూమే వరకు: పశ్చిమ ప్రకాశం దృష్టితో ఉద్యోగ దరఖాస్తు చరిత్ర

భాగ నిర్మాణక్రమం

1.0 లక్ష్యాలు
1.1 ప్రస్తావన
1.2 వంశమే అర్హత: కరణీకం నాటి వ్యవస్థ
1.3 అర్జీ, ఉమేదువారీ, యోగ్యతాపత్రం
1.4 పరీక్షల యుగం
1.5 జిల్లా మారితే దరఖాస్తు మారుతుంది
1.6 ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి కార్డు
1.7 బయోడేటా నుంచి రెజ్యూమేకు
1.8 మీ రెజ్యూమే: చరిత్ర విద్యార్థి పద్ధతి
1.9 సారాంశం
1.10 కీలక పదాలు
1.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

1.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- గత రెండు శతాబ్దాలలో ఉద్యోగ దరఖాస్తు స్వరూపం ఎలా మారిందో వివరించగలుగుతారు.
- ప్రతి దశలోనూ దరఖాస్తుదారును యజమాని అడిగిన అసలు ప్రశ్న ఏమిటో గుర్తించగలుగుతారు.
- మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు పరిపాలనా చరిత్ర అక్కడి యువత ఉద్యోగావకాశాలను ఎలా ప్రభావితం చేసిందో చెప్పగలుగుతారు.
- చరిత్ర రచనలో నేర్చుకున్న ఆధార పరిశీలనను మీ రెజ్యూమే రాయడానికి వినియోగించుకోగలుగుతారు.

1.1 ప్రస్తావన

చరిత్ర పాఠ్యపుస్తకంలో రెజ్యూమే గురించి పాఠమేమిటని మీకు అనిపించవచ్చు. ముందుగా ఒక అనుభవం చెబుతాను.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక ఇంటర్వ్యూ బోర్డులో సభ్యుడిగా కూర్చున్నాను. గిద్దలూరు వైపు నుంచి వచ్చిన ఒక అభ్యర్థి కాగితాలు మా ముందు ఉన్నాయి. ఇంటర్మీడియట్ తరువాత నాలుగేళ్లు ఖాళీ. ఆ తరువాత డిగ్రీ ఉంది కానీ అది దూరవిద్యలో చేసిందన్న మాట ఎక్కడా లేదు. "ఈ నాలుగేళ్లు ఏం చేశారు?" అని సాటి సభ్యుడొకరు అడిగారు. అతను తల దించుకుని "ఏమీ లేదు సార్" అన్నాడు. తరువాత మాటల్లో తెలిసిందేమిటంటే, ఆ నాలుగేళ్లూ అతను మార్కాపురంలో ఒక పలకల కర్మాగారంలో సరుకు లెక్క రాశాడు, లారీలకు లోడు చూశాడు, కూలీల హాజరు పట్టీ నిర్వహించాడు. మేము భర్తీ చేయవలసిన పోస్టుకు కావలసింది సరిగ్గా ఆ అనుభవమే. దాన్ని సిగ్గుపడవలసిన విషయంగా భావించి అతనే కొట్టివేసుకున్నాడు. ఆ రోజు ఆ ఉద్యోగం అతనికి రాలేదు.

ఆ సంఘటన నన్ను చాలాకాలం వెంటాడింది. "ఏది రాయాలి, ఏది రాయకూడదు" అనే నిర్ణయం అతను ఒంటరిగా తీసుకున్నది కాదు. అంతకుముందు రెండు వందల ఏళ్లుగా ఈ ప్రాంతంలో ఉద్యోగం అడిగే కాగితం ఏమేమి కోరుతూ వచ్చిందో, ఆ అలవాటు అతని చేత ఆ పని చేయించింది. ఈ భాగంలో ఆ కాగితం చరిత్రను తెలుసుకుందాం.

1.2 వంశమే అర్హత: కరణీకం నాటి వ్యవస్థ

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతాలు విజయనగర కాలం నుంచి వ్యవసాయ, రెవెన్యూ వ్యవస్థలు స్థిరపడిన నేల. గుండ్లకమ్మపై కట్టిన కంభం చెరువు ఇందుకు నేటికీ కనిపించే సాక్ష్యం. ఇంత నీటిని, భూమిని లెక్కగట్టాలంటే రాత వచ్చినవాడు కావాలి. ఆ పని కరణానిది. పొలాల విస్తీర్ణం, శిస్తు, ఇనాములు, హద్దులు అన్నీ అతని కవిలెల్లో ఉండేవి.

కరణం కావడానికి దరఖాస్తు అవసరం లేదు. తండ్రి కరణమైతే కొడుకు కరణం. అర్హత పత్రం అంటూ ఏదైనా ఉంటే అది వంశవృక్షమే. ఈ దశలో వ్యవస్థ అడిగిన ప్రశ్న ఒక్కటే: "నీవు ఎవరి బిడ్డవు?"

నిజాం 1800లో దత్త మండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కంభం ప్రాంతం ఆ విధంగా కంపెనీ పాలన కిందికి వచ్చింది. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ రెవెన్యూ వ్యవస్థను తీర్చిదిద్దాడు. పాలకులు మారారు కానీ గ్రామంలో కరణం మారలేదు. 1895లో మద్రాసు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం చేసి ఈ ఆచారాన్ని శాసనంగానే నిలబెట్టింది.

ఈ చట్టానికి గట్టి దెబ్బ తగిలింది కూడా ఒక ఉద్యోగ దరఖాస్తు వల్లనే. గుంటూరు జిల్లా తెనాలి తాలూకాలో పెరవలిపాలెం కొత్త గ్రామంగా ఏర్పడినప్పుడు మునసబు పోస్టుకు దరఖాస్తులు పిలిచారు. రెవెన్యూ డివిజనల్ అధికారి ఒకరిని నియమించాడు. పాత గ్రామపు మునసబు కుటుంబానికి చెందిన మరొకరు, 1895 చట్టం ప్రకారం ఆ పదవి తనకే రావాలని వాదించి గెలిచాడు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1960 డిసెంబరులో కోర్టు ఇచ్చిన తీర్పు సారాంశం ఇది: మునసబు పదవి కూడా రాజ్యం కింద ఉద్యోగమే, ఉద్యోగంలో వంశాన్ని బట్టి వివక్ష చూపడం రాజ్యాంగం 16వ అధికరణానికి విరుద్ధం. చివరికి 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. మీ తాతగారి తరం ఈ మార్పును కళ్లారా చూసిన తరం.

1.3 అర్జీ, ఉమేదువారీ, యోగ్యతాపత్రం

గ్రామంలో వంశం నడిచినా, తాలూకా కచేరీలో, కలెక్టరు హుజూరులో మరో పద్ధతి వచ్చింది. అక్కడ ఖాళీ వస్తే అడగాలి. అడగడానికి కాగితం కావాలి. ఆ కాగితమే అర్జీ. అర్జీ, దరఖాస్తు, సిఫారసు, గుమాస్తా, కచేరి: ఈ మాటలన్నీ పారశీ రాజభాషగా ఉన్న కాలం నుంచి తెలుగులో స్థిరపడినవే. మన నోట ఉద్యోగానికి సంబంధించిన పాత మాటల్లో సగం పారశీ నుంచి వచ్చాయంటే, ఉద్యోగం అంటే సర్కారు కొలువే అన్న భావన ఎంత లోతుగా పాతుకుపోయిందో ఊహించవచ్చు.

ఆ కాలపు మరో మాట ఉమేదువారీ. పారశీలో "ఉమేద్" అంటే ఆశ. జీతం లేకుండా కచేరీలో పని నేర్చుకుంటూ, ఎప్పటికైనా ఖాళీ వస్తుందన్న ఆశతో కనిపెట్టుకుని ఉండేవాడు ఉమేదువారు. ఈ రోజుల్లో జీతం లేని ఇంటర్న్‌షిప్ అని మీరు వినేది దీనికి దగ్గరి చుట్టం. జీతం లేకుండా ఏళ్ల తరబడి ఉండగలవాడెవడు? ఇంట్లో తిండికి లోటు లేనివాడు, కచేరీలో ఇదివరకే బంధువు ఉన్నవాడు. అందుచేత అర్జీ అనేది పేరుకు అందరికీ తెరచిన తలుపైనా, లోపలికి వెళ్లగలిగినవారు కొద్దిమందే. జిల్లా కచేరీల్లో ఉద్యోగాలన్నీ కొన్ని పలుకుబడి గల కుటుంబాల చేతిలో చిక్కుకోకుండా కలెక్టర్లు జాగ్రత్తపడాలని 19వ శతాబ్ది మధ్యకాలంలో మద్రాసు రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డరు జారీ చేయవలసి వచ్చింది. ఆదేశం అవసరమైందంటే ఆచరణ ఎలా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు.

ఈ వ్యవస్థను లోపలి నుంచి చూపే అరుదైన గ్రంథం మన జిల్లా వాసిదే. ఒంగోలుకు చెందిన వెన్నెలకంటి సుబ్బారావు (1784–1839) మద్రాసులోని సదర్ కోర్టులో 1815 నుంచి 1829 వరకు అనువాదకుడిగా, దుబాసీగా పనిచేశాడు. ఆయన తన జీవితాన్ని ఆంగ్లంలో రాసుకున్నాడు. అది 1873లో మద్రాసులో అచ్చయింది. ఆత్మకథ రాసిన తొలి తెలుగువారిలో ఆయన ఒకడు. చరిత్ర విద్యార్థి గమనించవలసిన విషయమేమిటంటే, ఆయన గుర్తింపు ముఖ్యంగా మూడింటి మీద నిలిచింది: వచ్చిన భాషలు, చేసిన కొలువులు, నమ్మిన అధికారులు. పుస్తకం శీర్షికలోనే ఊరి పేరు, హోదా, పనిచేసిన సంవత్సరాలు మూడూ ఉన్నాయి. ఆధునిక రెజ్యూమే పైభాగంలో మనం రాసేదీ దాదాపు అదే.

అప్పటి అర్జీకి బలం ఇచ్చేది యోగ్యతాపత్రం. ఒక దొర బదిలీ అయి వెళ్లేటప్పుడు తన కింద పనిచేసినవాడు నమ్మకస్తుడని, కష్టపడేవాడని నాలుగు మాటలు రాసి ఇచ్చేవాడు. ఆ కాగితాన్ని భద్రంగా దాచుకుని కొత్త దొరకు చూపేవారు. కాబట్టి ఈ దశలో అడిగిన ప్రశ్న: "నిన్ను ఎరిగినవారెవరు?"

ఇదే కాలంలో రాత రాని శ్రామికుని సంగతేమిటి? 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో దొనకొండ, కంభం, గిద్దలూరుల మీదుగా నల్లమలను దాటి నంద్యాల వైపు మీటర్‌గేజి రైలు మార్గం వచ్చింది. కట్ట వేయడానికి, కంకర కొట్టడానికి వేలాది చేతులు కావలసి వచ్చాయి. అక్కడ అర్జీ లేదు. మేస్త్రీ మాటే అర్జీ, ఒంట్లో సత్తువే యోగ్యతాపత్రం. పలకల గనుల్లోనూ చాలాకాలం ఇదే తీరు. పనితనం చేతిలో ఉంది కానీ కాగితం మీద లేదు. ఈ విషయం గుర్తుంచుకోండి, 1.8లో మళ్లీ దీని దగ్గరకే వస్తాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాలను నోటు పుస్తకంలో 5 వాక్యాలకు మించకుండా రాయండి.
1. ఉమేదువారీ అంటే ఏమిటి? అది ఎవరికి అనుకూలించింది?
2. పెరవలిపాలెం మునసబు కేసులో సుప్రీంకోర్టు ఏ సూత్రాన్ని నిలబెట్టింది?

1.4 పరీక్షల యుగం

1853 చార్టర్ చట్టం సివిల్ సర్వీసుకు బహిరంగ పోటీ పరీక్షను ప్రవేశపెట్టింది. 1854లో వుడ్ తాఖీదు విద్యావిధానానికి రూపురేఖలు దిద్దింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ మూడింటి ఫలితంగా ఉద్యోగ దరఖాస్తులో కొత్త అంశం చేరింది: పరీక్ష పేరు, ఉత్తీర్ణత సంవత్సరం, తరగతి. మెట్రిక్యులేషన్, ఆ తరువాత ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకం ఉద్యోగానికి తాళంచెవి అయ్యాయి. "మెట్రిక్ ఫెయిల్" అని రాసుకోవడం కూడా ఒక అర్హతగా చెలామణి అయిన రోజులవి. అక్కడిదాకా చదివాడనడానికి అదీ రుజువే కదా!

ఈ మార్పు న్యాయం వైపు ఒక అడుగు. దొర దయ కన్నా మార్కుల జాబితా నమ్మదగినది. అయితే కంభం నుంచి, గిద్దలూరు నుంచి ఉన్నత పాఠశాలకు వెళ్లగలిగినవారు ఎందరు? కళాశాల చదువంటే దూరప్రాంతంలో గది, భోజనం, ఫీజు. వంశం స్థానంలో పరీక్ష వచ్చింది కానీ పరీక్ష దాకా వెళ్లే దారి అందరికీ ఒకటి కాదు. 1920లలో మద్రాసు ప్రభుత్వం కమ్యూనల్ జి.వో.ల ద్వారా ఉద్యోగాల్లో వివిధ వర్గాలకు వాటా కల్పించడానికి పూనుకున్నది ఈ నేపథ్యంలోనే. దరఖాస్తులో కులం గడి అలా స్థిరపడింది.

నియామక సంస్థలూ ఈ కాలంలోనే రూపుదిద్దుకున్నాయి. 1926లో కేంద్రంలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఏర్పడింది. 1929 నాటి చట్టంతో మద్రాసు రాష్ట్రం తన సొంత సర్వీస్ కమిషన్‌ను ఏర్పాటు చేసుకుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం అవతరించినప్పుడు మనకూ ఒక సర్వీస్ కమిషన్ వచ్చింది. 1956లో అది ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ అయింది. ఇప్పుడు దరఖాస్తు అంటే అభ్యర్థి సొంత మాటల్లో రాసుకునే అర్జీ కాదు, కమిషన్ అచ్చువేసిన ఫారం. అభ్యర్థి చేయవలసింది గడులు నింపడమే. ఈ దశ అడిగిన ప్రశ్న: "నీవు ఏం ప్యాసయ్యావు?"

ఫారానికి జతపరిచే నకళ్ల మీద గెజిటెడ్ అధికారి సంతకం తప్పనిసరి. నా మొదటి దరఖాస్తుకు సంతకం కోసం ఒక కార్యాలయం చుట్టూ మూడు రోజులు తిరిగాను. అధికారికి నన్ను చూసే తీరిక లేకపోయింది. నాలుగో రోజు ఆయనకు తెలిసిన ఒక దుకాణదారు వెంట వస్తే రెండు నిమిషాల్లో పని అయింది. మార్కుల యుగంలో కూడా "నిన్ను ఎరిగినవారెవరు?" అన్న పాత ప్రశ్న అటెస్టేషన్ రూపంలో బతికే ఉందని ఆ రోజు అర్థమైంది. 2013–14 కాలంలో కేంద్ర ప్రభుత్వం స్వీయ ధ్రువీకరణను ప్రోత్సహించడంతో ఈ అవస్థ చాలావరకు తగ్గింది. ఒక పాత ప్రశ్న పూర్తిగా పోయి కొత్తది రావడం చరిత్రలో అరుదు. పొరల మీద పొరలుగా అవి కలిసే ఉంటాయి.

1.5 జిల్లా మారితే దరఖాస్తు మారుతుంది

మార్కాపురం, గిద్దలూరుల చరిత్రలో ఒక విశేషం ఉంది. ఊళ్లు కదలలేదు కానీ వాటి జిల్లాలు మారుతూ వచ్చాయి. తొలుత కడప జిల్లాలో ఉన్న కంభం, మార్కాపురం ప్రాంతాలు 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1953 నుంచి 1956 వరకు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. అంటే ఆ మూడేళ్లు గిద్దలూరు యువకునికి జిల్లా కేంద్రం, రాష్ట్ర రాజధాని ఒకే ఊరు. 1956లో రాజధాని హైదరాబాదుకు వెళ్లింది. 1970 ఫిబ్రవరి 2న గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలను విడదీసి ఒంగోలు జిల్లా ఏర్పాటు చేశారు. మార్కాపురం, గిద్దలూరు అందులో చేరాయి. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరిట అది ప్రకాశం జిల్లా అయింది. గిద్దలూరుకు నంద్యాల దగ్గర, ఒంగోలు దూరం. అయినా జిల్లా కార్యాలయంలో పని ఉంటే ఒంగోలే వెళ్లవలసి వచ్చేది.

ఇది బస్సు చార్జీతో ముగిసే విషయం కాదు. 1973లో రాజ్యాంగానికి చేర్చిన 371–డి అధికరణం కింద 1975 అక్టోబరులో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. దానితో ఉద్యోగాలు జిల్లా, జోనల్ కేడర్లుగా విభజింపబడ్డాయి. జూనియర్ అసిస్టెంట్ స్థాయి పోస్టుల్లో 80 శాతం స్థానికులకు కేటాయించారు. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడో జోను. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు నాలుగో జోను. వర్షపాతంలో, పంటల్లో, చదువు సౌకర్యాల్లో రాయలసీమకు దగ్గరగా ఉండే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతపు అభ్యర్థి, జిల్లా కేడరులో ఒంగోలు, చీరాల అభ్యర్థులతోను, జోనల్ పోస్టుల్లో గుంటూరు, తెనాలి అభ్యర్థులతోను పోటీపడవలసి వచ్చింది. 1970 నాటి ఒక పరిపాలనా నిర్ణయం, అయిదేళ్ల తరువాత వచ్చిన మరో ఉత్తర్వు కలిసి ఒక తరం అవకాశాలను మార్చాయి. పశ్చిమ ప్రకాశం వెనుకబాటు గురించి జరిగే చర్చల్లో కరవు, ఫ్లోరైడు నీరు, వలస తరచూ వినిపిస్తాయి. ఉద్యోగ దరఖాస్తులోని "స్థానిక జిల్లా" అనే చిన్న గడిని కూడా ఆ జాబితాలో చేర్చాలి.

దరఖాస్తుకు మరో కాగితమూ జత అయింది. 4వ తరగతి నుంచి 10వ తరగతి వరకు ఎక్కడ చదివారో చూపే స్టడీ సర్టిఫికెట్లు. తల్లిదండ్రులు కూలి కోసం వలస వెళితే వారి వెంట బడులు మారిన పిల్లలకు ఈ కాగితాలు సేకరించడం ఎంత కష్టమో మీలో కొందరికి స్వయంగా తెలుసు. ఈ దశ అడిగిన ప్రశ్న: "నీది ఏ ఊరు?"

1.6 ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజి కార్డు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, సైన్యం నుంచి విడుదలయ్యేవారికి పని చూపడానికి ప్రభుత్వం ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్చేంజీలను నెలకొల్పింది. 1948లో వాటిని ఉద్యోగార్థులందరికీ తెరిచింది. 1956లో వాటి రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు అప్పగించింది. ఖాళీలను ఎక్స్చేంజికి తెలియజేయడాన్ని 1959 నాటి చట్టం తప్పనిసరి చేసింది.

1970, 80 దశకాల్లో డిగ్రీ చేతికి రాగానే చేసే మొదటి పని జిల్లా కేంద్రానికి వెళ్లి పేరు నమోదు చేయించుకోవడం. కార్డు మీద నంబరు, తేదీ. గడువులోగా రెన్యువల్ చేయించుకోకపోతే సీనియారిటీ పోతుంది. పెళ్లి శుభలేఖ కన్నా భద్రంగా ఆ కార్డును ట్రంకుపెట్టెలో దాచుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఈ దశ అడిగిన ప్రశ్న విచిత్రమైనది: "ఎప్పటి నుంచి ఎదురుచూస్తున్నావు?" ఒక రకంగా ఇది ఉమేదువారీయే, కాకపోతే కచేరీ వరండాలో కాక ఇంట్లో కూర్చుని చేసేది.

ఎక్స్చేంజి పంపిన పేర్లనే ప్రభుత్వ శాఖలు పరిశీలించాలన్న నిబంధనను 1987లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే 1996లో కృష్ణా జిల్లా ఎక్సైజ్ సూపరింటెండెంటు కేసులో కోర్టు మరో అడుగు వేసింది. ఎక్స్చేంజి నుంచి పేర్లు పిలవడంతో పాటు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, రేడియో, టెలివిజన్ వంటి మార్గాల్లోనూ తెలియజేయాలి, దరఖాస్తు చేసిన అర్హులందరినీ పరిశీలించాలి అని చెప్పింది. ఈ రెండు తీర్పులూ మన రాష్ట్రం నుంచి వెళ్లిన వివాదాల మీద వచ్చినవే. 1996 తరువాత కార్డు ప్రాధాన్యం తగ్గింది, పత్రికా ప్రకటన ప్రాధాన్యం పెరిగింది. 2019లో ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల్లో లక్షకు పైగా పోస్టుల భర్తీ జరిగినప్పుడు దరఖాస్తు ఆన్‌లైన్, ఎంపిక రాత పరీక్ష. ఒకప్పుడు కరణం కొడుకు కూర్చున్న చోట ఇప్పుడు పరీక్ష రాసి వచ్చిన యువతీ యువకులు కూర్చున్నారు. వంశం నుంచి పరీక్ష దాకా సాగిన ప్రయాణం గ్రామస్థాయికి చేరడానికి ఇంతకాలం పట్టింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. 1970లో జరిగిన జిల్లా మార్పు మార్కాపురం, గిద్దలూరు అభ్యర్థులపై చూపిన ప్రభావం ఏమిటి?
2. 1996 నాటి సుప్రీంకోర్టు తీర్పు నియామక విధానంలో తెచ్చిన మార్పును వివరించండి.

1.7 బయోడేటా నుంచి రెజ్యూమేకు

ప్రైవేటు ఉద్యోగం సంగతి వేరు. అక్కడ అచ్చు ఫారం ఉండదు. ఏం రాయాలో రాసేవాడే నిర్ణయించుకోవాలి. మొదట్లో మనవాళ్లు దీనికి బయోడేటా అని పేరు పెట్టుకున్నారు. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, ఎత్తు, వివాహ స్థితి, చదువు, చివర "పైన తెలిపినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న వాక్యం. ఊళ్లోని టైపు ఇన్‌స్టిట్యూట్‌లో రూపాయో రెండో ఇచ్చి కార్బన్ కాపీలు తీయించేవారు. పెళ్లి సంబంధానికీ ఉద్యోగానికీ ఒకే కాగితం సరిపోయేది! అర్జీ, సర్కారు ఫారం, స్టడీ సర్టిఫికెట్ అన్నీ అందులో కలగలిసి ఉన్నాయి. అభ్యర్థి ఎవరన్నది అందులో ఉంది. అతను ఏం చేయగలడన్నది మాత్రం లేదు.

రెజ్యూమే అనేది ఫ్రెంచి మాట, అర్థం సంక్షిప్తం. కరిక్యులం వీటే అనేది లాటిన్, అర్థం జీవనగమనం. ప్రపంచ చరిత్రలో దీనికి ముందు రూపంగా తరచూ చెప్పే ఉదాహరణ, సుమారు 1482లో లియొనార్డో డావిన్సీ మిలాను పాలకుడు లుదోవికో స్ఫోర్జాను ఉద్దేశించి రాసిన లేఖ. నేడు మనం లియొనార్డోను చిత్రకారుడిగా ఎరుగుదుం. ఆ లేఖలో ఆయన ముందు చెప్పింది వంతెనలు, ఫిరంగులు, ముట్టడి యంత్రాలు తయారుచేయగల సామర్థ్యం గురించి. శిల్పం, చిత్రలేఖనం చివరన వచ్చాయి. ఎందుకని? మిలాను పాలకునికి అప్పుడు కావలసింది యుద్ధ యంత్రాలు. తన గొప్పలన్నీ చెప్పుకోవడం కన్నా ఎదుటివారి అవసరానికి తాను ఎలా పనికివస్తాడో చెప్పడం ముఖ్యమని ఆయన గ్రహించాడు. రెజ్యూమే అడిగే ప్రశ్న ఇదే: "మా పనికి నీవు ఏం చేయగలవు?"

తెలుగు నేలపై ఈ మార్పును వేగవంతం చేసింది సమాచార సాంకేతిక రంగం. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు పెరిగాయి. రెజ్యూమే అనే మాట పల్లెల దాకా వచ్చింది. దానితో పాటు ఒక చెడు అలవాటూ వచ్చింది: లేని అనుభవాన్ని ఉన్నట్టు రాసుకోవడం. 1.1లో చెప్పిన అభ్యర్థి ఉన్నదాన్ని దాచాడు, వీరు లేనిదాన్ని చేర్చారు. రెండింటికీ మూలం ఒక్కటే, తన అసలు జీవితం కాగితానికి తగదన్న భయం.

1.8 మీ రెజ్యూమే: చరిత్ర విద్యార్థి పద్ధతి

చరిత్రకారుడు ఒక ఆధారాన్ని చూసినప్పుడు నాలుగు ప్రశ్నలు వేస్తాడు: ఇది ఎవరి కోసం రాసింది? దీనికి సాక్ష్యం ఏమిటి? కాలక్రమం సరిగా ఉందా? ఇందులో చెప్పకుండా వదిలేసింది ఏమిటి? మీ రెజ్యూమేను మీరే ఈ నాలుగు ప్రశ్నలతో పరీక్షించండి.

(అ) ఎవరి కోసం? ప్రకటనను రెండుసార్లు చదవండి. వారికి కావలసిన పనులను ఒక కాగితం మీద విడిగా రాసుకోండి. మీ జీవితంలో వాటికి సరిపోయే అనుభవాలను ఎదురుగా రాయండి. ముందు చెప్పవలసినవి అవే. ఒకే రెజ్యూమేను పది చోట్లకు పంపడం కన్నా మూడు చోట్లకు తగినట్టు మార్చి పంపడం మేలు. తండ్రి పేరు, మతం, ఎత్తు వంటివి ప్రకటనలో అడిగితే తప్ప ప్రైవేటు ఉద్యోగపు రెజ్యూమేలో అవసరం లేదు. ప్రభుత్వ ఫారం అయితే మాత్రం అడిగిన ప్రతి గడినీ టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టే నింపాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తరువాత ఇబ్బంది.

(ఆ) సాక్ష్యం ఏమిటి? "కష్టపడి పనిచేస్తాను, నాయకత్వ లక్షణాలు ఉన్నాయి" అన్నది పాత దొరల యోగ్యతాపత్రంలోని మాట. అది మరొకరు మన గురించి చెబితే విలువ, మనమే చెప్పుకుంటే కాదు. పని, కాలం, పరిమాణం చెప్పండి. ఉదాహరణకు పలకల యూనిట్‌లో పనిచేసిన ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఆమె "ప్రైవేటు కంపెనీలో పనిచేశాను" అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. అదే ఇలా రాస్తే చూడండి: "మార్కాపురంలోని పలకల తయారీ యూనిట్‌లో 3 సంవత్సరాలు; సైజుల వారీగా సరుకు వర్గీకరణ, ప్యాకింగ్ లెక్క, స్టాకు రిజిస్టరు నిర్వహణ; 12 మంది హాజరు పట్టీ." ఒక్క విశేషణం లేదు. అయినా ఆమెకు లెక్క, క్రమం, బాధ్యత తెలుసునని చదివేవారికి అర్థమవుతుంది. అంకెలు నిజమైనవే కావాలి. ఇంటర్వ్యూలో వాటి గురించే అడుగుతారు.

(ఇ) కాలక్రమం. చరిత్ర పాఠంలో పాతది ముందు, కొత్తది తరువాత. రెజ్యూమేలో దీనికి విరుద్ధం: ఇటీవలిది ముందు రాయాలి. సంవత్సరాల మధ్య ఖాళీ ఉంటే దాన్ని దాచే ప్రయత్నం చేయకండి. ఇంట్లో రోగిని చూసుకోవడం, పొలం పని, కూలి, పిల్లల పెంపకం, ఏదైనా సరే, ఒక్క పంక్తిలో చెప్పండి.

(ఈ) వదిలేసింది ఏమిటి? దూరవిద్య అన్న మాటను మీలో చాలామంది ఇక్కడే వదిలేస్తారు. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పని మానుకోలేనివారికి, మధ్యలో చదువు ఆగిపోయినవారికి తలుపు తెరవడమే దాని ఆశయం. గుర్తింపు పొందిన సంస్థలు దూరవిద్యలో ఇచ్చే డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022లో మరోసారి స్పష్టం చేసింది. కనుక రాయండి: "పూర్తికాలపు ఉద్యోగం చేస్తూ దూరవిద్య ద్వారా బి.ఏ." పగలంతా పనిచేసి రాత్రి ఈ పుస్తకం తెరిచిన మనిషి క్రమశిక్షణ గురించి వేరే వాక్యం రాసుకోనక్కరలేదు.

రూపం గురించి నాలుగు మాటలు చాలు. కొత్తవారికి ఒక పేజీ సరిపోతుంది. అలంకారాలు, రంగులు, బొమ్మలు వద్దు. పెద్ద సంస్థలు రెజ్యూమేలను మొదట కంప్యూటరుతో వడపోస్తాయి కనుక ప్రకటనలోని పనుల పేర్లను, మీకు నిజంగా వచ్చినంతవరకు, అదే మాటల్లో రాయండి. పంపేముందు చదువు తెలిసిన మరొకరి చేత చదివించండి. ఇంటర్నెట్ సెంటరువారు మరొకరి రెజ్యూమేలో పేరు మార్చి ఇస్తే తీసుకోకండి. అందులోని హాబీలు కూడా మీవి కావు.

1.9 సారాంశం

ఉద్యోగం అడిగే కాగితం కాలానికొక ప్రశ్న వేసింది. కరణీకం "ఎవరి బిడ్డవు?" అన్నది. అర్జీ "ఎవరు ఎరుగుదురు?" అన్నది. పరీక్ష "ఏం ప్యాసయ్యావు?" అన్నది. రాష్ట్రపతి ఉత్తర్వు "ఏ ఊరు?" అన్నది. ఎక్స్చేంజి కార్డు "ఎప్పటి నుంచి?" అన్నది. రెజ్యూమే "ఏం చేయగలవు?" అంటున్నది. పాత ప్రశ్నలు పూర్తిగా పోలేదు. సిఫారసు నేటికీ ఉంది, స్థానికత నేటికీ ఉంది. అయినా చివరి ప్రశ్నకు జవాబు రాసే అధికారం మొదటిసారి అభ్యర్థి చేతికే వచ్చింది. పలకల యూనిట్‌లో లెక్క రాసిన ఆ యువకుడు పోగొట్టుకున్నది ఆ అవకాశాన్నే. మీరు పోగొట్టుకోకండి.

1.10 కీలక పదాలు

ఉమేదువారీ: జీతం లేకుండా కచేరీలో పని నేర్చుకుంటూ ఖాళీ కోసం వేచి ఉండడం.
యోగ్యతాపత్రం: ఉద్యోగి ప్రవర్తన, సామర్థ్యాల గురించి అధికారి రాసి ఇచ్చే పత్రం.
స్థానిక కేడరు: 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జిల్లా లేదా జోను వారీగా ఏర్పరచిన ఉద్యోగ విభాగం.
రెజ్యూమే: కోరిన ఉద్యోగానికి సంబంధించిన చదువు, అనుభవం, నైపుణ్యాల సంక్షిప్త పత్రం.

1.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వంశపారంపర్య గ్రామోద్యోగాల నుంచి పోటీ పరీక్షల వరకు నియామక విధానంలో వచ్చిన మార్పులను వివరించండి.
2. జిల్లాల పునర్వ్యవస్థీకరణ, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు పశ్చిమ ప్రకాశం యువతపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చరిత్ర ఆధారంగా వెన్నెలకంటి సుబ్బారావు ఆత్మకథ ప్రాధాన్యం ఏమిటి?
2. బయోడేటాకు, రెజ్యూమేకు గల తేడాలను తెలపండి.

III. అభ్యాసం
మీ ఇంట్లో ఉన్న అతి పాత ఉద్యోగ సంబంధ కాగితాన్ని (అర్జీ, ఎక్స్చేంజి కార్డు, నియామక ఉత్తర్వు, కూలి పుస్తకం ఏదైనా) వెతికి, అది ఏ ప్రశ్నకు జవాబుగా రాసిందో అర పేజీలో రాయండి. తరువాత మీ రెజ్యూమే రాసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటినీ తదుపరి సంపర్క తరగతికి తీసుకురండి.